వీపు మీద ముడత

కొండ కింది ఇంటి నుంచి
వానలు ఇంకా వెలియని ఆదివారం

బామ్మర్దికి,

దీవెనలతో మొదలుపెడదామనుకున్నాను గాని, నా పక్కన తిరిగితే ఏమవుతుందో నీ భుజానికి తెలుసు కనక ఈసారికి అవి మానేశాను.

ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని విసుక్కోకు. ముప్పై ఎనిమిదేళ్లు లిఫ్టు మోటార్ల పక్కన నిలబడ్డ చెవులు నావి. ఫోన్‌లో నాకు సగమే వినపడుతుంది. ఈమధ్య నువ్వు ఆ సగం కూడా మాట్లాడటం లేదు. మొన్న ఫోన్ చేస్తే మీ అక్క ఎత్తి, "వాడు పడుకున్నాడు" అంది. పగలు పదకొండింటికి దర్జీ పడుకోవడం నా ఎరుకలో లేదు.

మీ అక్క కూడా చిత్రమైన మనిషి. "వాడి చొక్కా వాడు తొడుక్కునేదాకా ఉండి వస్తాను, నాలుగు వారాలు" అని సంచీ సర్దుకుని వెళ్లింది. ఇవాళ్టికి ఏడో వారం. ఇంట్లో నేనూ గోడ గడియారమూ మిగిలాం. అది అరగంట వెనక నడుస్తుంది. నేను దానికంటే వెనక.

జరిగినదాని గురించి ఒక్క మాట. కంకర మలుపు దగ్గర ఆ కుక్క అడ్డం రాకపోతే నేను బ్రేకు వేసేవాణ్ణి కాదు, నువ్వు నా సైకిలు మీదుగా ఎగిరి పడేవాడివి కాదు. ఆసుపత్రిలోనూ ఇదే చెప్పాను. ముందున్న నాకు మోకాలి మీద గుండీ అంత చర్మం పోయింది, వెనకున్న నీకు ఎముక విరిగింది. పంపకం సరిగ్గా జరగలేదని నాకూ తెలుసు.

రిటైరై పొట్ట పెంచుకుని కూర్చున్నవాణ్ణి లేపి, గేరు సైకిలు ఎక్కించినవాడివి నువ్వు. ప్రతి ఆదివారం బస్సు మీద సైకిలు వేసుకుని నా కోసం వచ్చావు. ఏడాది తిరిగినా మనం నీళ్ల ట్యాంకు దాటి పైకి పోలేదు. కొండ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగాలన్నది అలాగే ఉండిపోయింది. అందుకని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదామనుకుంటున్నాను, ఒక్కణ్ణే. ఉత్తరాల్లో పాఠం చెప్పు. నేను పైదాకా ఎక్కడం నేర్చుకుంటే, నువ్వు మళ్లీ నా పక్కన తొక్కుతావని ఆశ. నాకు కావలసింది అంతే.

నీ బావ


కుట్టు దుకాణం నుంచి
బుధవారం

బావగారికి నమస్కారం.

కసరత్తు చేయించే అమ్మాయి రోజూ ఒక పేజీ చేత్తో రాయమంది. వేళ్లు, మణికట్టు, భుజం కదులుతాయట. ఏం రాయాలో తోచక మీకు రాస్తున్నాను. ప్రేమ అనుకోకండి.

కత్తెర ఇంకా పట్టలేను. సైకిలును వెనక గదిలో మేకుకు తగిలించాను. కుట్టిన ప్యాంట్లు దాని మీద వేలాడదీస్తున్నాం. ఆ పనికి బాగానే ఉంది. ఇక దించను.

పాఠం అడిగారు. ఎక్కేటప్పుడు పైకి చూడకండి, ముందు చక్రానికి పదడుగుల అవతల చూడండి. ఎత్తు మొదలవకముందే చిన్న గేరుకు రండి, మొదలయ్యాక కాదు. ఇవన్నీ ఇదివరకు చెప్పినవే.

పేజీ నిండలేదు. అయినా నొప్పి.

ఆ కుక్క ఏ రంగు? ఆ రోజు నేను గమనించలేదు.


కొండ కింది ఇంటి నుంచి
చలి మొదలైన రోజులు

బామ్మర్దికి,

గోధుమ రంగు. ఒక చెవి మాత్రం తెలుపు. కుక్క సంగతి అంతే, ఇక సైకిలు సంగతి విను.

రెండు నెలలు ఖాళీగా కూర్చున్నాను కదా, మొదటి రోజు మొదటి మలుపు దాకా కూడా పోలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంది. ఈమధ్య నాకు అంత స్పష్టంగా వినపడిన చప్పుడు ఇంకొకటి లేదు. దిగి, సైకిలును చెట్టుకు ఆనించి, నేను సైకిలుకు ఆనుకుని నిలబడ్డాను.

రెండో వారంలో ఒక తప్పు చేశాను. నాబోటివాడు తప్ప ఇంకెవరూ చేయరు. ఎత్తు మీద ముందు చక్రం తేలిపోతోంది, అటు తిప్పితే ఇటు పోతోంది. లిఫ్టు మెకానిక్ బుర్రకు వెంటనే ఏం తడుతుంది? కౌంటర్ వెయిట్. లిఫ్టు పెట్టె పైకి పోవాలంటే తాడు రెండో కొసన కట్టిన బరువు కిందికి దిగాలి. నా సర్వీసంతా ఆ బరువుకు దణ్ణం పెట్టి బతికాను. అందుకని హ్యాండిల్‌కు బుట్ట కట్టి అందులో రెండు ఇటుకలు పెట్టాను. ఆ ఇటుకలు నాతో పాటే పైకి వస్తున్నాయనీ, కిందికి పోయేది ఏదీ లేదనీ అర్థం కావడానికి నూట యాభై గజాలు పట్టింది. ఒకావిడ నడుస్తూ నన్ను దాటిపోయింది. "పైన ఇల్లు కడుతున్నారా తాతగారూ?" అని అడిగింది కూడా.

ఇటుకలు దించి వాటి మీదే కూర్చున్నాను. కూర్చుంటే ఏడో అంతస్తు పంతులమ్మ గుర్తొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదనుకుంటాను. పాత బ్యాంకు భవనంలో ఏడో అంతస్తులో ఉండేది. పదకొండేళ్లు రోజూ లిఫ్టులో పైకి వెళ్లింది, మెట్ల మీద కిందికి దిగింది. "ఎక్కడానికి లేని భయం దిగడానికి ఎందుకమ్మా?" అని అడిగాను ఒకసారి. "ఎక్కేటప్పుడు నేను పోతున్నానయ్యా. దిగేటప్పుడు అది నన్ను తీసుకుపోతోంది" అంది. నేను నవ్వి, పెట్టె అడుగున ఉండే ఇనుప దవడల సంగతి చెప్పాను. వేగం హద్దు దాటిందంటే అవి పక్క పట్టాలను కరిచి పట్టేస్తాయి, పెట్టె ఉన్నచోటనే బిగుసుకుపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఆవిడ ఓపిగ్గా అంతా విని, మెట్ల వైపు నడిచింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. ఇటుకల మీద కూర్చుంటే ఇలాంటివే తోస్తాయి కాబోలు.

నీ బావ


కుట్టు దుకాణం నుంచి
శుక్రవారం

బావగారికి,

ఇటుకల ముక్క చదివి అక్క కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వితే భుజం కదులుతుంది.

ముందు చక్రం తేలితే కావలసింది ఇటుకలు కాదు, మీరు. సీటు ముందు కొసకు జరగండి. మోచేతులు మడిచి, గడ్డం హ్యాండిల్ వైపు దించండి. ఊపిరి అందకముందే ఆగండి, అందక ఆగితే మర్నాడు మనసు రాదు. అరవై మూడేళ్ల కాళ్లకు రోజూ కొండ అక్కర్లేదు. రోజు విడిచి రోజు చాలు.

నిన్న కత్తెర పట్టాను. బట్ట మీద కాదు, పాత కాగితం మీద. గీత వంకర పోయింది. పక్క బల్ల మీద కుట్టేవాడు చూడనట్టు తల తిప్పుకున్నాడు. అదే కష్టంగా ఉంది. ఒక పెద్దమనిషి కోటు బట్ట తెచ్చాడు, నా చెయ్యి చూసి "తర్వాత వస్తాలే" అని మళ్లీ మడతపెట్టుకుని పోయాడు. తప్పు పట్టను. నేనైనా అంతే చేసేవాణ్ణి.

తెల్ల చెవి కుడిదా, ఎడమదా?


కొండ కింది ఇంటి నుంచి
నడి చలి

బామ్మర్దికి,

ఎడమది. దానికి ఎడమ, నాకు కుడి.

నువ్వు చెప్పినట్టే సీటు కొస మీద కూర్చున్నాను. కూర్చునే అవయవానికి అదంత మర్యాద కాదు గాని, చక్రం నేల వదల్లేదు. పది రోజులకు మొదటి మలుపు, నెల తిరిగేసరికి కర్ర వంతెన. ఆగకుండా కాదు. ఆగాను, దగ్గాను, సైకిలును తిట్టాను, నిన్ను తిట్టాను, మళ్లీ ఎక్కాను. కానీ ఏ రోజూ కిందటిసారి ఆగినచోట ఆగలేదు. నాలుగడుగులైనా పైనే. ఆగినచోట ఒక రాయి పెట్టి వస్తున్నాను. ఆ దారిలో ఎవరైనా రాళ్ల వరస చూస్తే ఏ సర్వేవాళ్లో పెట్టారనుకుంటారు.

తొడలు ఇప్పుడు నా మాట వింటున్నాయి. బెల్టు రెండు చిల్లులు లోపలికి వచ్చింది. నువ్వు కుట్టిన నీలం చొక్కా భుజాల దగ్గర వదులైంది. అయినా చెబుతున్నాను, అలసట మాత్రం పోలేదు. ఇదివరకు ఊరికే కూర్చుని అలసిపోయేవాణ్ణి, ఇప్పుడు కారణం ఉండి అలసిపోతున్నాను. అంతే తేడా.

నిన్న నీళ్ల ట్యాంకు దాటాను. దాటినప్పుడు మనిద్దరం ఎప్పుడూ వెనక్కి తిరిగే చోట నీ వైపు చూశాను, అలవాటు కొద్దీ. అక్కణ్ణుంచి పైన దారి సన్నం, రాళ్లు, ఎర్రమట్టి. లెక్కపెట్టుకుంటూ తొక్కాను. వంద దాకా లెక్కపెట్టి, మళ్లీ ఒకటి. ఏడో వందలో దారి చదునైంది. అదే కొండ కొస.

ఏదో ఉంటుందనుకున్నాను. ఒక సిమెంటు బల్ల ఉంది, దాని మీద ఎవరెవరో తమ పేర్లు చెక్కుకున్నారు. అవతలి వైపు ఇంకో కొండ ఉంది, దీనికంటే పెద్దది. ఫ్లాస్కు తీసి రెండు కప్పులు పోశాను. ఒకటి తాగాను. రెండోది కాసేపు అలా ఉంచి, చల్లారాక అదీ నేనే తాగాను.

మీ అక్క ఎప్పుడొస్తుందో కాస్త కనుక్కో. నేను అడిగినట్టు కాదు.

నీ బావ


కుట్టు దుకాణం నుంచి
చలి తగ్గుతున్న రోజులు

బావా,

కొస దాకా ఎక్కావు. సంతోషం. నిజంగానే. ఆ చల్లారిన కప్పు దగ్గర అక్క ఉత్తరం పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

ఇప్పుడొక మాట అడుగుతాను. ఇన్ని ఉత్తరాలు రాశావు. ప్రతిదాంట్లో ఎక్కావు. మలుపు ఎక్కావు, వంతెన ఎక్కావు, ట్యాంకు ఎక్కావు, కొండే ఎక్కావు. ఒక్కదాంట్లోనూ దిగలేదు. ఏమిటి, పైనే కాపురం పెట్టావా? ఉత్తరాలు మాత్రం కింది పోస్టాఫీసు ముద్రతోనే వస్తున్నాయి.

దిగడం నీకు సరదా కదా. ఏడాదిపాటు చూశాను, ఎక్కేటప్పుడు సణిగి, దిగేటప్పుడు పాడేవాడివి. ఇప్పుడు గాలి సంగతి లేదు, వేగం సంగతి లేదు, బ్రేకు సంగతి లేదు. కథలు చెప్పే నోరు నీది, ఇలాంటివి చెప్పకుండా వదిలేది కాదు.

నువ్వు ఎలా దిగుతున్నావో రాయి. కసరత్తు కోసం అడగడం లేదు.

అక్క కూడా ఒక వాక్యం చెప్పమంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ముప్పై ఐదేళ్లు ఆ మనిషితో వేగాను. దారిలో కనపడిన ప్రతి కుక్కకూ ఏదో పేరు పెట్టి పిలిచేవాడు. ఈ ఒక్కదానికి పేరెందుకు పెట్టలేదో అడుగు."


కొండ కొసన, సిమెంటు బల్ల మీద నుంచి
మంగళవారం, ఎండగా ఉంది

ఒరేయ్,

ఇది ఇంట్లో రాస్తే మళ్లీ ఏదో ఒక కథ అయిపోతుంది. అందుకని కాగితం, అట్ట తెచ్చుకుని ఇక్కడ రాస్తున్నాను. గాలికి కాగితం ఎగురుతోంది, అక్షరాలు వంకర పోతే సర్దుకో.

నడిచి దిగుతున్నాను. మొదటి రోజు నుంచీ. తొక్కుతూ ఎక్కి, సైకిలును చేత్తో పట్టుకుని నడుస్తూ దిగుతున్నాను. లోకమంతా ఇంకోలా చేస్తుంది. ఎదురైనవాళ్లు "పంక్చరా?" అని అడుగుతారు. "అవును" అంటాను. నాలుగు నెలల్లో నా టైర్లకు ఎన్ని పంక్చర్లయ్యాయో లెక్క లేదు, పాపం వాటికి ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు.

కుక్క లేదు.

కుక్కా లేదు, పిల్లీ లేదు, రాయీ లేదు. దారి ఖాళీగా ఉంది. వెనక నువ్వు వస్తున్నావు, కంకర మొదలైంది, చక్రాల చప్పుడు మారింది. నాకు వినపడదు గాని, చేతుల్లోకి వస్తుంది అది. హ్యాండిల్ వణికింది. పంతులమ్మ మాట ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు, గుర్తొచ్చింది. నేను పోవడం లేదు, ఇది నన్ను తీసుకుపోతోంది అనిపించింది. అంతే. రెండు చేతులూ రెండు బ్రేకుల్నీ కరిచి పట్టేశాయి. వేగం హద్దు దాటిందంటే పట్టేయాలి, ఉన్నచోటనే బిగుసుకుపోవాలి, అప్పుడు ఎవరికీ ఏమీ కాదు. ముప్పై ఎనిమిదేళ్లలో నా చేతులు నేర్చుకున్న చదువు అదొక్కటే. లిఫ్టు వెనక ఇంకో లిఫ్టు రాదు కదా. వెనక మనిషి ఉంటాడన్న చదువు వాటికి లేదు.

నువ్వు కింద పడి ఉన్నావు. కళ్లు తెరిచి "ఏమైంది బావా?" అన్నావు. ఎంతమందికి ధైర్యం చెప్పానురా నేను. ముసలమ్మలకు, గర్భిణులకు, ఊడ్చే మనిషికి, బ్యాంకు మేనేజరుకు. "దిగడానికి భయమెందుకండీ, నేనున్నాను కదా" అని. ఆ నోటితో "భయమేసింది" అనలేకపోయాను. "కుక్క" అన్నాను. ఆ తర్వాత అది నడవడం మొదలుపెట్టింది. రంగు వచ్చింది, చెవి వచ్చింది. ఇంకో రెండు ఉత్తరాలు పోతే దానికి పిల్లలు కూడా పుట్టేవి.

ఎక్కడం నేర్చుకుంటే చాలనుకున్నాను. ఎక్కడంలో నా తప్పేమీ లేదు మరి. అందుకే అదే నేర్చుకున్నాను.

నీ చేతికి కత్తెర తప్పించినది నా చెయ్యి. క్షమించమని అడగడానికి మొహం చెల్లక సైకిలు పాఠాలు అడిగాను. ఇక నువ్వు రాయకపోయినా అర్థం చేసుకుంటాను. చీకటి పడకముందు దిగాలి, నాకు నడక కదా, ఎక్కువ సేపు పడుతుంది.

బావ


కుట్టు దుకాణం నుంచి
శనివారం

బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. రెండు రోజులూ రాద్దామని కూర్చుని లేచాను.

కుక్క లేదని నాకు ఆ రోజే తెలుసు. నీ వెనక పదడుగుల్లో ఉన్నాను, నీకంటే ఎత్తులో ఉన్నాను. దారి మొత్తం కనపడుతోంది. నువ్వు నేను కుట్టిన నీలం చొక్కా వేసుకున్నావు. కంకర మొదలవగానే నీ భుజాలు చెవుల దాకా లేచాయి, రెండు భుజాల మధ్య అడ్డంగా ఒక ముడత పడింది. నేను దర్జీని, వీపులు చూసి బతికినవాణ్ణి. కొలత సరిపోక పడే ముడత వేరు, మనిషి బిగుసుకుంటే పడేది వేరు. నీకు భయమేసిందని నీకంటే ముందు నాకే తెలిసింది.

తెలిసీ నేను వేగం తగ్గించలేదు. అది నా వాటా. "కదులు ముసలోడా, ఇంట్లో టీ చల్లారిపోతోంది" అని అరిచాను. నీకు వినపడి ఉండదు. వినపడలేదనే ఇన్నాళ్లు నేనూ చెప్పలేదు. చూశావా, నీకొక కుక్క ఉంటే నాకూ ఏదో ఒకటి ఉంది.

కోపం ఎముక గురించి కాదు. ఎముక అతుక్కుంది. ఆసుపత్రి మంచం మీద పడుకున్నవాడికి కుక్క కథ చెప్పావే, దానికి కోపం. చెవి రంగు ఎందుకడిగాననుకున్నావు? ఎప్పటికప్పుడు "లేదురా" అంటావేమోనని. నువ్వేమో ఎడమ, కుడి అని లెక్కలు చెప్పావు.

ఇంకొకటి. చొక్కా తొడుక్కోవడం నాకు నెల కిందటే వచ్చింది. నీకు రాయొద్దని అక్కే అంది. "ఆ కుక్క ఆ ఇంట్లోంచి పోయాకే నేను వెళ్తాను" అంది. నిన్న నీ ఉత్తరం రెండుసార్లు చదివి సంచీ సర్దుకుంది.

వచ్చే ఆదివారం మేమిద్దరం బస్సుకు వస్తున్నాం. నేను తొక్కను. డాక్టరు ఒద్దన్నాడు, నాకూ ధైర్యం లేదు. కంకర మలుపు దగ్గర నిలబడతాను. నువ్వు ట్యాంకు దగ్గర నుంచి దిగు. వెనక ఎవరూ ఉండరు, అరిచేవాడూ ఉండడు. రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉంచు. సీటు మీద నుంచి కాస్త లేచి వెనక్కి జరుగు. బ్రేకుల మీద రెండేసి వేళ్లే, నొక్కి వదులు, నొక్కి వదులు. కరవనివ్వకు. మలుపును చూడకు, మలుపు అవతల ఉన్న నన్ను చూడు.

మధ్యలో దిగి నడవాలనిపిస్తే నడు. పంక్చరా అని అడగను.


కొండ కింది ఇంటి నుంచి
గురువారం

ఒరేయ్,

ఉత్తరం అందింది. వస్తాను. రాత్రి పడుకుంటే చేతులు దుప్పటిని కరిచి పట్టుకుంటున్నాయి. పగలు పెరట్లో నిలబడి రెండేసి వేళ్లతో నొక్కి వదులుతున్నాను. పక్కింటావిడ చూసి, ఆవు లేకుండా పాలు పితుకుతున్నానని అనుకుంటోంది.

నీలం చొక్కా ఉతికాను. అదే వేసుకుంటాను.

బావ


కుట్టు దుకాణం నుంచి
మంగళవారం

బావా,

బస్సులో భుజం బిగుసుకుపోయింది, నిన్నంతా పడుకున్నాను. ఈసారి నిజంగానే పడుకున్నాను. అక్క లేదు కనక టీ కూడా నేనే పెట్టుకున్నాను.

ఆదివారం నువ్వు దిగాక ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు. అక్క ఫ్లాస్కు మూత తీసింది, తాగాం, ఇంటికి నడిచాం. అందుకని ఇప్పుడు రాస్తున్నాను, నువ్వు దిగుతూ ఉంటే నాకు కనపడినదేమిటో నీకు తెలియాలి కదా. నీ వీపు నీకు కనపడదు.

చాలా నెమ్మదిగా వచ్చావు. ఒక నడిచే మనిషి నిన్ను దాటి పోయాడు. కంకర దగ్గర నీ భుజాలు చెవుల దాకా లేచాయి. నా ముందు నుంచి పోయాక చూశాను, ముడత అక్కడే పడింది, సరిగ్గా అంతే లోతు. భయం పోలేదు బావా. పోతుందని నేను అనుకోలేదు కూడా. కానీ వేళ్లు నొక్కాయి, వదిలాయి. ముడత పడినవాడు పడినట్టే మలుపు దాటి కిందికి పోయాడు.

నా సైకిలు మీద ప్యాంట్లు ఇంకా తీయలేదు. ఇవాళ రెండు తక్కువయ్యాయి, కస్టమర్లు పట్టుకుపోయారు. కొత్తవి దాని మీద వేయొద్దని చెప్పాను. అంతకు మించి ఇప్పుడేమీ చెప్పలేను. చెయ్యి చెవి దాకా లేస్తోంది, అక్కడ ఆగిపోతోంది.

పొద్దున బట్ట కత్తిరించాను. గీత తిన్నగా వచ్చింది. నీలం గుడ్డే. నువ్వు చిక్కావు గదా అని కొత్త కొలతలు పంపుతావేమో, అక్కర్లేదు. భుజాలు తగ్గించి, వీపు మధ్యలో మాత్రం ఒక అంగుళం వదులుగా ఉంచాను. ముడత పడేందుకు చోటు కావాలి కదా.